అడ్డబెజ్జం

ఆ ఏడాది క్యాబేజీలతో కిమ్చి ఊరబెట్టే రోజుల్లోనే పళ్ళు ఊడటం మొదలైంది. మా పళ్ళు కావు. మేము చేసి ఇచ్చిన పళ్ళు.

గున్‌సాన్ రేవుకి వెళ్ళే దారిలో నూడుల్స్ కొట్టు మీది అంతస్తులో మా లాబ్. ముందు రెండు గదుల్లో కట్టుడు పళ్ళు చేస్తాం, వెనక రెండు గదుల్లో కాపురం చేస్తాం. మా ఆయన గిల్‌సూ పళ్ళు అమరుస్తాడు. నేను ప్లాస్టర్ కలుపుతాను, అచ్చులు పోస్తాను, మైనం కరిగిస్తాను, తయారైన సెట్లు డాక్టర్లకు ఇచ్చి వస్తాను, మధ్యలో మా అత్తగారికి అన్నం పెడతాను. గోడ మీద మా ఇద్దరి లైసెన్సులూ పక్కపక్కనే ఉంటాయి. ఒకే కాలేజీ, ఒకే ఏడు. నాదాని మీద దుమ్ము కొంచెం ఎక్కువ.

నవంబరు మొదటి వారంలో తాక్ డాక్టరు క్లినిక్ నుంచి ఫోనొచ్చింది. చేపల మార్కెట్‌లో ఎండు స్క్విడ్ అమ్మే ఒకావిడకి మా సెట్టులో పన్ను ఊడిందట. కొత్త కిమ్చి కొరికితే ఊడిందట.

"కిమ్చి ఏమన్నా రాయా? కొరికితే పన్ను ఊడటమేంటి?" అన్నాను.

"కిమ్చి అయ్యుండదు. తను అమ్మే స్క్విడ్డే కొరికుంటుంది. డాక్టరు తిడతాడని అబద్ధం చెప్తోంది," అన్నాడు గిల్‌సూ తల ఎత్తకుండా.

ఇక్కడ మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. మామూలు గట్టి సెట్టయితే పన్నూ, కింది గులాబీ రంగు చిగురూ ఒకే జాతి. వేడి తగిలితే రెండూ ఒకటైపోతాయి. వంగే సెట్టు అలా కాదు. దాన్ని నైలాన్‌తో చేస్తాం. తేలిగ్గా ఉంటుంది, నోట్లో తీగలు కనపడవు, కింద పడ్డా పగలదు. అందుకే పెద్దవాళ్ళకు దాని మీద మోజు. కానీ నైలాన్‌కీ పన్నుకీ ఏ చుట్టరికమూ లేదు. ఏ జిగురు పూసినా పట్టదు. పన్ను నిలవాలంటే ఒకటే దారి. పన్ను అడుగు నుంచి లోపలికి ఒక బెజ్జం పెట్టాలి, ఈ పక్క నుంచి ఆ పక్కకు ఇంకో బెజ్జం పెట్టాలి, రెండూ లోపల కలవాలి. కరిగిన నైలాన్ వాటిలోకి పారి, లోపల చేతులు చాచుకుని గట్టిపడుతుంది. ఆ తర్వాత పన్ను పగలాలిగాని ఊడదు.

నిలువు బెజ్జం ఎవరైనా పెడతారు. అడ్డబెజ్జం దగ్గరే పనివాడి సంగతి తేలుతుంది. చింతగింజంత కూడా లేని పన్నుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, గుండుసూది లావు డ్రిల్లుతో ఆ కొస నుంచి ఈ కొసకు తొలవాలి. చెయ్యి వెంట్రుకంత అటూ ఇటూ అయితే పన్ను ముందు గోడ పగిలిపోతుంది. గిల్‌సూ ఒకప్పుడు రేడియోలో బేస్‌బాల్ వింటూ రోజుకి అరవై పళ్ళు తొలిచేవాడు.

ఆ సెట్టు క్లినిక్ నుంచి తెచ్చి ఇచ్చాక నేనూ ఓసారి చూస్తానన్నాను. ఆయన దాన్ని తన సొరుగులో వేసి మూసేశాడు.

"నేను చూసుకుంటాలే. నువ్వు క్యాబేజీల సంగతి చూడు."

నాకూ కావాల్సింది అదే. అలిసిపోయిన మనిషితో ఎవరైనా 'నువ్వు చూడక్కర్లేదు' అంటే ఆ మాట ఎంతో తియ్యగా ఉంటుంది. ఆ రోజు ఆ తీపికి లొంగిపోయినందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

రెండో వారంలో ఇంకో మూడు సెట్లు వెనక్కి వచ్చాయి. నాలుగో దానికి తాక్ డాక్టరే మా మెట్లెక్కి వచ్చాడు. భారీ మనిషి. బార్లీ టీ రెండు గ్లాసులు తాగితేగాని మాట రాలేదు.

"గిల్‌సూ గారూ, పదిహేడేళ్ళుగా మీ సెట్లే పెడుతున్నాను. ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదు. ఈ నెలలో నాలుగు."

"ఈ పళ్ళే అంతండి. కొత్తగా వస్తున్నవి మరీ నున్నగా ఉంటున్నాయి. నైలాన్ జారిపోతోంది," అన్నాడు గిల్‌సూ.

"పోయినేడు కూడా ఇవే పళ్ళుగా?"

"చలి మొదలైందిగా. నైలాన్ పోసేలోపే చల్లారిపోతోందేమో. వేడి పెంచి చూస్తాను."

తాక్ డాక్టరు గ్లాసు కింద పెట్టాడు. "నిన్న ఒక పెద్దాయన పన్ను మింగేశాడు. మింగాడు కాబట్టి బతికిపోయాం. అదే గాలిగొట్టంలోకి పోయుంటే? మీరూ నేనూ ఈపాటికి పోలీసు స్టేషన్లో బెంచీ మీద కూర్చునుండేవాళ్ళం." తర్వాత నా వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండమ్మా, ఏం జరుగుతోంది ఇక్కడ?"

"నేను ప్లాస్టర్ మనిషినండి," అన్నాను.

"ఈ నెలాఖరు దాకా చూస్తాను. ఇంకొక్క పన్ను ఊడినా మొత్తం పని జోంజూలో పెద్ద లాబ్‌కి పంపేస్తాను. ఇష్టమై కాదు. నోట్లో పెట్టేది నేను, జవాబు చెప్పుకునేదీ నేనేగా."

ఆయన మెట్లు దిగిపోయాడు. తాక్ డాక్టరు పని పోతే మా లాబ్ మూసుకోవాల్సిందే. మిగతా డాక్టర్లంతా కలిసినా నెలకి పది సెట్లు పంపరు.

"అడ్డబెజ్జాలు సరిగ్గా పెడుతున్నావా?" అని అడిగాను. మామూలుగానే అడిగాను.

"నాకు నేర్పుతున్నావా? ఇరవై ఏళ్ళు ప్లాస్టర్ పిసికినదానివి నాకు బెజ్జాలు నేర్పుతావా?"

అంత మాట ఆయన ఎప్పుడూ అనలేదు. తిరిగి అంటే గొడవ, గొడవంటే మళ్ళీ నేనే సర్దుకోవాలి. ఆ ఓపిక లేదు. వెళ్ళి క్యాబేజీలకు ఉప్పు పట్టించాను.

శనివారం కిమ్చి పెట్టాం. నలభై క్యాబేజీలు. డాబా మీద నీలం పట్టా పరిచి, కారం, ఉప్పు రొయ్యలు, ముల్లంగి తురుము కలిపిన ముద్దని ఆకు ఆకుకీ పూస్తూ కూర్చున్నాను. నడుము అప్పటికే చేతులెత్తేసింది. మా అత్తగారు బోర్లించిన బకెట్ మీద కూర్చుని పెత్తనం చేస్తోంది. ఎనభై ఒక్కేళ్ళు. మా పెళ్ళైనప్పటి నుంచీ ప్రతి ఏడూ మొదటి ముద్ద రుచి చూసేది ఆవిడే. చూసి 'ఉప్పు చాల్లేదు' అనేదీ ఆవిడే. ఆ ఏడు మాత్రం నోరు విప్పలేదు.

"రుచి చూడండి అత్తయ్యా."

"బాగానే ఉంటుందిలే."

"చూడకుండానే?"

"రంగు చూస్తే తెలీదా?"

నాకు ఒళ్ళు మండింది. రెండు నెలలుగా ఆవిడది ఇదే వరస. ఏం వండినా పక్కకు తోసి, నాకు జావ చాలు అంటోంది. నా వంట మీద అలిగిందనుకున్నాను. కిమ్చి పెట్టేచోట ఒక పద్ధతుంది. క్యాబేజీ నడుమ ఉండే పసుప్పచ్చటి లేతాకు చించి, అందులో ముద్ద చుట్టి, పక్కవాళ్ళ నోట్లో పెడతాం. పెట్టాక కాదనకూడదు. నేను ఆకు చుట్టి, ఎర్రటి చేత్తో తిన్నగా ఆవిడ మూతి దగ్గర పెట్టాను. పెట్టినదాంట్లో ప్రేమ లేదు, పంతమే ఉంది.

ఆవిడ నా మొహం చూసింది. నోరు తెరిచింది. ఒక్కసారి నమిలి ఆగిపోయింది.

చెయ్యి చాపాను. నా అరచేతిలోకి ఉమ్మింది. కారం ముద్దలో తెల్లగా ఏదో ఉంది. కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి కడిగాను. కింది దవడ పన్ను, గిల్‌సూ ఆవిడకి చేసిచ్చిన వంగే సెట్టులోది. తిరగేసి చూశాను. అడుగున బెజ్జం ఉంది, లోపల నైలాన్ తునక కూడా లేదు. పక్కలు చూశాను. రెండు పక్కలా నున్నగా ఉంది.

"కుళాయి కట్టెయ్," అంది అత్తగారు వెనక నుంచి. "నీళ్ళు పోతున్నాయి."

కట్టేశాను.

"వాడితో అనకు."

ఆవిడ చొక్కా జేబులోంచి చేతిరుమాలు తీసి విప్పింది. దాంట్లో ఇంకో రెండు పళ్ళున్నాయి. వాటి అడుగున పసుప్పచ్చగా ఎండిన జిగురుంది.

"ఇవెప్పుడు ఊడాయి?"

"ఒకటి పెద్దలకు పెట్టిన వారానికి. ఇంకోటి ఆ తర్వాత. కొట్లో జిగురు కొనుక్కొచ్చి అంటించా. మూడు రోజులు కూడా ఆగలేదు."

"నైలాన్‌కి జిగురు పట్టదు అత్తయ్యా! అందుకేనా రోజూ జావ? చెప్పొచ్చుగా. నా వంట నచ్చక అలిగారనుకున్నా."

"నీ వంట నచ్చని మాటా నిజమేలే, సోల్‌హి అమ్మా." సోల్‌హి మా అమ్మాయి. అది పుట్టినప్పటి నుంచీ ఆవిడ నన్ను వేరే పేరుతో పిలవలేదు. చేతిరుమాలు మడుస్తూ అంది, "పెద్దలకు పెట్టిన రోజు వాడు గిన్నెలో సారా పోస్తుంటే చూశా. రెండు చేతులతో పట్టుకున్నా ఒలికింది. వాళ్ళ నాన్నకీ అలాగే మొదలైంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"రోజంతా వాడి పక్క స్టూలు మీద కూర్చునేదానివి నువ్వు. నేను చెప్పాలా నీకు?"

పక్కనే కూర్చుంటాను నిజమే. ఎన్నేళ్ళయిందో ఆయన చేతుల వైపు చూసి. మిగిలిన క్యాబేజీలకు ముద్ద పూస్తూ కూర్చున్నాను. కళ్ళు మండుతుంటే కారమని చెప్పుకున్నాను. కారం కాదు, సిగ్గు.

మర్నాడు ఆదివారం. గిల్‌సూ ఆదివారం పొద్దున్నే ఆవిరి స్నానానికి పోతే మధ్యాహ్నం దాకా రాడు. ఆయన అటు వెళ్ళగానే నేను ఆయన స్టూలు మీద కూర్చున్నాను. అత్తగారి నోటి అచ్చు అలమరలోనే ఉంది. కొత్త పళ్ళు తీసుకున్నాను. డ్రిల్లు కోసం సొరుగు తెరిస్తే వెనక్కి వచ్చిన సెట్లు కనిపించాయి. అన్నిటికీ నిలువు బెజ్జాలే.

వాటి కింద ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. బరువుగా ఉంటే మూత తీశాను. నిండా చెడిపోయిన పళ్ళు. ఒక్కోదానికీ అడ్డబెజ్జం మొదలుపెట్టి ఉంది. కొన్నిటికి ముందు గోడ పగిలింది, కొన్నిటికి బెజ్జం వంకరపోయి పక్కకు చీల్చేసింది. వందకు తక్కువ ఉండవు. ఆయన బద్ధకించి మానేశాడనుకున్నాను నేను. మానలేదు. చేసి చేసి, చేతకాక, నిలువు బెజ్జంతో సరిపెట్టి దేవుడి మీద భారం వేశాడు. కోపం రావాలి. జాలి వచ్చింది. జాలి వచ్చినందుకు కోపం వచ్చింది.

మొదటి రెండు పళ్ళూ నేనూ పాడు చేశాను. మూడోది కుదిరింది. ఏడో పన్ను చేతిలో ఉండగా తలుపు చప్పుడైంది. గిల్‌సూ తడి జుట్టుతో, మెడలో తువ్వాలుతో నిలబడి ఉన్నాడు. అంత తొందరగా వస్తాడనుకోలేదు.

బల్ల మీద నేను తొలిచిన పన్ను ఒకటి తీసుకుని కిటికీ వైపు ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు. పన్ను ఆయన వేళ్ళ మధ్య ఆడుతోంది. రెండో చేత్తో ఆ చెయ్యి పట్టుకుని మళ్ళీ చూశాడు.

"రెండు బెజ్జాలూ కలిశాయి," అన్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"చెర్రీలు పూసినప్పటి నుంచి."

"డాక్టరుకి చూపించుకోవాలిగా!"

"చూపిస్తే ఏదో పేరు చెప్తాడు. పేరు వింటే ఇంకా వణుకుతానేమో."

"నాకు చెప్పొచ్చుగా."

"చెప్తే ఏం చేసేదానివి?"

"ఈ స్టూలు మీద కూర్చునేదాన్ని."

"అదే," అన్నాడు. "అదే నా భయం. నువ్వు కూర్చుంటే నాకంటే బాగా చేస్తావు. కాలేజీలోనూ అంతేగా. సోల్‌హి పుట్టాక ఓ ఏడాది ప్లాస్టర్ చూడమన్నా. ఆ ఏడాది అయిపోయిందని నేను మళ్ళీ ఎప్పుడూ అనలేదు."

ఆ మాట కోసం ఇరవై ఏళ్ళు ఎదురుచూశాను. వింటే గుండె తేలికపడుతుందనుకునేదాన్ని. ఏమీ పడలేదు. నడుము నొప్పిగా ఉంది, అంతే.

"ఒక మనిషి పన్ను మింగాడు గిల్‌సూ."

"తెలుసు."

"మీ అమ్మ రెండు నెలలుగా జావ తాగి బతుకుతోంది. మూడు పళ్ళు ఊడితే జేబులో దాచుకుంది."

అది ఆయనకు తెలియదు. గోడకు ఆనుకుని నెమ్మదిగా కింద కూర్చుండిపోయాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఓదార్చలేదు. ఓదార్చడానికి కూడా ఓపిక కావాలి. డ్రిల్లు తీసుకుని ఏడో పన్ను పూర్తి చేశాను.

రెండు రోజుల తర్వాత ఇద్దరం తాక్ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. దారి పొడవునా గిల్‌సూ ఏం చెప్పాలో గొణుక్కుంటూనే ఉన్నాడు. తీరా వెళ్ళాక అవేవీ చెప్పలేదు. వసంతం నుంచి చేసిన వంగే సెట్లన్నిటి జాబితా బల్ల మీద పెట్టాడు. ముప్ఫయ్యొక్క పేర్లు.

"వీళ్ళందర్నీ వెనక్కి పిలవండి డాక్టరుగారూ. వీటిలో దేనికీ అడ్డబెజ్జం లేదు. నా చెయ్యి పోయింది. తెలిసీ ఇచ్చాను."

తాక్ డాక్టరు ఆ పేర్ల మీద ఒక్కొక్కటిగా వేలు పెట్టి చదువుకుంటూ పోయాడు. "మీరు ఇంకో అబద్ధం చెప్తే హాయిగా జోంజూకి పంపేసేవాణ్ణి," అన్నాడు చివరికి. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

"మా ఆవిడ చేస్తుంది. ఆవిడకీ లైసెన్సుంది. నాకంటే ఎక్కువ మార్కులు."

నేను అత్తగారికని చేసిన సెట్టు సంచీలోనే ఉంది. డాక్టరు చెయ్యి చాపితే ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. చూసి, ట్రేలోంచి పట్టకారు తీసి, చివరి పన్ను పట్టుకుని లాగాడు. మా బతుకంతా ఆ పట్టకారు కొసన ఉంది. ఆయన మొహం ఎర్రబడేదాకా లాగాడు. సెట్టు వంగింది, సాగింది, మెలి తిరిగింది. పన్ను మాత్రం రాలేదు. ఇంకో పన్ను పట్టుకుని లాగాడు. అదీ రాలేదు. మూడోది ముక్కలైంది. సగం ఎగిరి కిటికీకి తగిలింది, మిగతా సగం నైలాన్ పట్టుకునే ఉంది.

"సరే," అన్నాడు ఆయాసపడుతూ. "ముప్ఫయ్యొకటీ ఏడాది ఆఖరికల్లా కావాలి. ఇది ఎవరిది?"

"మా అమ్మదండి," అన్నాడు గిల్‌సూ.

"అయ్యో. ఆవిడకి ఇంకోటి చెయ్యండి."

అలా మా అత్తగారికి ఇంకో పది రోజులు జావ రాసిపెట్టి ఉంది. తిట్టింది, కానీ డాక్టర్ని తిట్టింది.

డిసెంబరంతా ముప్ఫయ్యొక్క సెట్లతోనే గడిచింది. మంచు ఎప్పుడు మొదలైందో నేను చూడలేదు. వేలికి బొబ్బలెక్కాయి, కళ్ళద్దాలు మార్చుకున్నాను. ఇన్నేళ్ళూ ఆ స్టూలు కావాలనుకున్నాను గాని, నలభై తొమ్మిదేళ్ళకు వస్తుందనుకోలేదు. గిల్‌సూని నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. డాక్టరు జబ్బు పేరు చెప్పాడు, మాత్రలు రాశాడు. పేరు విన్నాక వణుకు పెరగలేదు. తగ్గనూ లేదు.

అక్కణ్ణుంచి ఇంటికొచ్చాక గిల్‌సూ రెండు పూటలు కిటికీ దగ్గరే నిలబడ్డాడు. మూడో పూట నా పాత స్టూలు లాక్కుని ప్లాస్టర్ బల్ల ముందు కూర్చున్నాడు. నేను చూడనట్టే డ్రిల్లు పట్టుకుని తల వంచుకున్నాను. అటు చూస్తే ఏడుస్తానని తెలుసు.

ప్లాస్టర్‌లో గాలి బుడగలు మిగలకూడదని, పోసేటప్పుడు అచ్చుని వణికే మిషన్ మీద పెడతాం. గుర్రుమని పెద్ద చప్పుడు దానిది. ఎంతసేపటికీ ఆ చప్పుడు వినిపించలేదు. తల తిప్పి చూశాను. మిషన్ ఆపే ఉంది. గిల్‌సూ అచ్చుని కుడిచేతిలో పట్టుకుని, ఎడంచేత్తో ప్లాస్టర్ కొద్దికొద్దిగా జారవిడుస్తున్నాడు. కుడిచెయ్యి దాని పని అది చేసుకుపోతోంది. ప్లాస్టర్ సన్నగా అలలు పోతూ మూలమూలకీ దిగుతోంది.

"మిషన్ వెయ్యలేదేం?" అన్నాను.

"ఎందుకు, దండగ కరెంటు," అన్నాడు, అచ్చు మీంచి కళ్ళు తీయకుండా.

నవ్వాలా వద్దా అని ఆయన మొహంలోకి చూశాను. ముందు ఆయనే నవ్వాడు. గట్టిపడ్డాక అచ్చు విప్పి, దీపం కింద పెట్టి చూశాను. రెండు బుడగలున్నాయి. నేను పోసినా అన్నే ఉంటాయి.